మంట ఆర్పేవాళ్ళ ఇళ్ళు



ఇల్లు అంటుకుంటే 101కి ఫోన్ చేస్తాం. గంట కొట్టుకుంటూ ఫైరింజన్ వస్తుంది. మరి అడవి అంటుకుంటే? కొండ మీదికి బండి పోదు. దారి ఉండదు. అప్పుడు ఆకాశం నుంచి నీళ్ళు పోస్తారు.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం అడవి తగలబడింది. వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి పైనుంచి నీళ్ళు చల్లాయి. 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బందీపూర్ అడవిలోనూ అదే పని చేశాయి. హెలికాప్టర్ కింద తాళ్ళతో పెద్ద సంచి వేలాడుతుంది. బావిలో బొక్కెన ముంచినట్టు దాన్ని చెరువులో ముంచుతారు. ఒకసారికి 3,500 లీటర్ల దాకా పడతాయి. బిందెకు 15 లీటర్లు అనుకుని లెక్క వేయండి. 230 బిందెలు దాటుతుంది! అంత బరువుతో పొగలోకి, వేడి గాలిలోకి, చెట్లకు కాస్త పైనుంచి పోవాలి. హెలికాప్టర్ నడపడం నేర్పే వైమానిక దళం బడి మన సికింద్రాబాద్ పక్కనే, హకీంపేటలో ఉంది.

ఈ పనిలో ప్రాణాలు పోతాయి. 2021 ఆగస్టులో టర్కీలో మంటలార్పే రష్యా విమానం కూలి 8 మంది చనిపోయారు. 2023 జులైలో గ్రీసు దేశంలో ఇద్దరు పైలట్లు పోయారు. 2020 జనవరి 23న ఆస్ట్రేలియాలో ముగ్గురు పోయారు. ఈ మూడోదాన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

మంట ఆస్ట్రేలియాది. విమానం ఒక ప్రైవేటు కంపెనీది. అందులో ఉన్న ముగ్గురూ అమెరికావాళ్ళు. వాళ్ళ ఇళ్ళు సముద్రం అవతల ఉన్నాయి. ఇలాంటప్పుడు ఇంటి ఇల్లాలు ఎవరి తలుపు తట్టాలి? సర్కారుదా, కంపెనీదా? "మావాడు కాదు, కాంట్రాక్టు మనిషి" అనే మాట మన బస్తీల్లో కూడా వింటూనే ఉంటాం కదా!

ఆ ఎండాకాలంలోనే (అక్కడ జనవరి ఎండాకాలం) నేల మీద మంటలార్పుతూ వాలంటీర్లు కూడా చనిపోయారు. జనం కరిగిపోయారు. ఒక హాస్యనటి చందా అడిగితే 5 కోట్ల 10 లక్షల డాలర్లు పోగయ్యాయి. డబ్బు అగ్నిమాపక దళం నిధికి చేరింది. ఇళ్ళు కాలినవాళ్ళకూ, గాయపడ్డ జంతువులకూ కొంత ఇద్దామన్నారు. కోర్టు వద్దన్నది. ఆ నిధి కాగితంలో ఆ మాట రాసి లేదు మరి. కానీ గాయపడ్డ వాలంటీర్లకూ, మంటలార్పుతూ చనిపోయినవాళ్ళ కుటుంబాలకూ ఖర్చు చేయవచ్చని 2020 మేలో తీర్పు చెప్పింది. అంత డబ్బు ఎటు పోవాలో చివరికి కాగితం మీది రాతే తేల్చింది.

అమెరికాలో అడవి మంటలార్పేవాళ్ళ కుటుంబాలను ఆదుకునే సంస్థ ఒకటుంది. అందులో చేరినవాళ్ళు వారానికి ఒక డాలర్ చొప్పున, ఏడాదికి 52 డాలర్లు ఇస్తారు. మనకు ఇది కొత్తేమీ కాదు. 1990లలో నెల్లూరు జిల్లాలో చదువు నేర్చిన ఆడవాళ్ళు సారాను తరిమారు. తర్వాత రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు కట్టారు. చిన్న చందాకు ఒక మంచి గుణం ఉంది. అది పేపర్లో వార్త పాతబడ్డాక కూడా ఆగదు.

మన దేశం సంగతి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలింది. మంటలార్పుతూ 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఏటా ఆ రోజున వాళ్ళను తలచుకుంటారు. దండలు వేస్తారు. మంచిదే. అయితే పోయినవాడి ఇంట్లో పెద్దకర్మ దాకా చుట్టాలుంటారు. బియ్యం తెస్తారు, వంట చేస్తారు. ఆ తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది. పిల్లల ఫీజు, ఇంటి కిరాయి, ఆఫీసుల చుట్టూ తిరగడం. నన్నడిగితే, అప్పుడు ఆమె వెంట ఆఫీసుకు నడిచే మనిషే అందరికన్నా పెద్ద సాయం.

ఏమేం రావాలి? సర్కారు ఉద్యోగి పోతే కుటుంబానికి పెన్షన్ ఉంటుంది. ఇంట్లో ఒకరికి ఉద్యోగం అడగవచ్చు. దాన్ని కారుణ్య నియామకం అంటారు. దానికి గడువు ఉంటుంది. కాబట్టి అర్జీ త్వరగా పెట్టాలి. పనిలో ఉండగా ప్రమాదంలో పోయినవాడికి యజమాని నష్టపరిహారం కట్టాలనే చట్టం 1923లోనే వచ్చింది. కాంట్రాక్టు మనిషికీ ఆ హక్కు ఉంది. మనిషి పోతే ఆ డబ్బు అధికారి దగ్గర జమ చేయాలి. అంతేగాని, ఇంటికొచ్చి నాలుగు నోట్లు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుపోతే సరిపోదు. అలాంటివాళ్ళు ఏడుపు ఆగకముందే వస్తారు. చదవనిదే సంతకం పెట్టకండి. చదివేదాకా వాళ్ళను కూర్చోనివ్వండి!

మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం తప్పక కావాలి. 'నామినీ' అనే మాట కూడా నేర్చుకోండి. డబ్బు ఎవరి చేతికివ్వాలో ముందే రాసిన పేరును నామినీ అంటారు. పెళ్ళికి ముందు తల్లి పేరు రాసి, తర్వాత మార్చడం మరచిన కాగితాలు చాలా ఇళ్ళలో ఉంటాయి. ఇలాంటి తగువు అత్తాకోడళ్ళను విడదీస్తుంది.

ఈ వారం పని: ఇంట్లో బ్యాంకు, పి.ఎఫ్., బీమా కాగితాలు తీయండి. నామినీ పేరు ఎక్కడుందో వెతికి, పైకి చదివి, ఇక్కడ రాయండి.

పేరు: ....................
వరస: ....................