సెమీ క్రిస్మస్ కేక్: క్రీమ్ రాసే కత్తి పిల్లల చేతిలోనే ఉండనివ్వండి



డిసెంబర్ వచ్చిందంటే చర్చిల్లో సెమీ క్రిస్మస్ కూడికలు మొదలవుతాయి. పాటలు, పిల్లల స్కిట్, చివర్లో కేక్ కటింగ్. "ఈసారి కేక్ మేమే డెకరేట్ చేస్తాం టీచర్" అని మా క్లాసులో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇప్పటికే నాతో అన్నారు. ఇంట్లో పుట్టినరోజుకు ప్రయత్నించాలనుకునేవారికి కూడా ఈ పద్ధతే పనికొస్తుంది. నేను బేకరీ కోర్సు చేసినదాన్ని కాదు. రెండేళ్లుగా మా అక్క కూతురితో కలిసి, చెడగొట్టి నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

కేక్ తయారీ గురించి ఎక్కువ చెప్పను. క్రీమ్ లేని అరకిలో ప్లెయిన్ వెనీలా కేక్ కావాలని ముందుగా చెబితే చాలా బేకరీల్లో చేసిస్తారు. ఇంట్లో చేసుకుంటే మాత్రం ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోండి. మొదటిసారి మేం తప్పు చేసింది ఇక్కడే. సాయంత్రం ఆరింటికి కూడిక అయితే నాలుగింటికి కుక్కర్‌లోంచి కేక్ తీశాం. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంది, లోపల వేడి అలాగే ఉంది. క్రీమ్ రాసిన పది నిమిషాలకు అది పక్కల నుంచి జారి ప్లేటులో చేరింది. ఆ రోజు చెంచాలతో తిన్నాం.

ఇక క్రీమ్. బేకరీల్లో వాడే విప్పింగ్ క్రీమ్ చూడ్డానికి తేలికగా ఉంటుంది కానీ, కొత్తవాళ్లకు అది కష్టం. గిన్నె, బీటర్ కూడా చల్లగా ఉండాలి. కాస్త ఎక్కువ గిలక్కొడితే గరుకుగా మారిపోతుంది. ఆటోలో అరగంట ప్రయాణం ఉంటే మెత్తబడిపోతుంది. నా ఓటు బటర్ క్రీమ్‌కే. రాసింది నచ్చకపోతే గీకేసి మళ్లీ రాయొచ్చు. పిల్లలతో చేసే పనికి ఇంతకన్నా ఏం కావాలి?

అరకిలో కేక్‌కు 150 గ్రాముల ఉప్పులేని వెన్న, 300 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు చెంచాల పాలు చాలు. వెన్న గది వేడికి మెత్తబడాలి, కరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి, అంతే. ఇంట్లో తీసిన వెన్నలో నీళ్లు ఎక్కువ ఉంటాయి కాబట్టి దీనికి వద్దు. ఐసింగ్ షుగర్ దొరక్కపోతే ఒక కప్పు పంచదారకు ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి మిక్సీలో మెత్తగా పట్టి జల్లించండి. జల్లించే పని, తూకం చూసే పని పిల్లలకే ఇవ్వండి. వెన్నకు పంచదార రెట్టింపు అన్న మాట మీరు చెప్పకండి, తూకం చూసి వాళ్లే చెబుతారు.

ఒక గిన్నె బోర్లించి, దాని మీద ప్లేటు, ప్లేటు మీద కేక్ పెట్టండి. తిప్పుకుంటూ రాయడానికి ఇదే మన టర్న్‌టేబుల్. ముందుగా చాలా పల్చగా ఒక పూత రాయాలి. ఇందులో కేక్ పొడి అంటుకుని గోధుమ రంగులో అసహ్యంగా కనిపిస్తుంది, కంగారు పడకండి. ఈ పూత పని ఆ పొడిని పట్టి ఉంచడమే. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక రెండో పూత మందంగా రాస్తే తెల్లగా వస్తుంది. తొందరలో చాలామంది వదిలేసేది ఈ అరగంటనే. కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి రాస్తే నున్నగా వస్తుంది. ఆ ముంచడం మాత్రం పెద్దవాళ్లు చేయండి.

నున్నగా రాలేదా? ఎండుకొబ్బరి పొడి పైనా పక్కలా అద్దేయండి. మన ఊళ్లో మంచు పడకపోయినా కేక్ మీద పడుతుంది, గుంటలన్నీ కనపడకుండా పోతాయి. మధ్యలో కాగితంతో కత్తిరించిన నక్షత్రం ఆనించి, చుట్టూ కోకో పౌడర్ జల్లించి కాగితం తీస్తే తెల్లని నక్షత్రం మిగులుతుంది. ఎర్ర క్రీమ్ జోలికి వెళ్లకండి. నాలుగు చుక్కల రంగు వేసినా గులాబీగానే ఉంటుంది, ఇంకా వేస్తే చేదెక్కుతుంది. ఎరుపు కావాలంటే చెర్రీలు, టూటీ ఫ్రూటీ ఉన్నాయి. రంగు చాక్లెట్ బిళ్లలు బయల్దేరే ముందు పెట్టండి, లేకపోతే తడికి రంగు కారుతుంది.

పేరు రాయడానికి పాలిథిన్ కవర్‌లో క్రీమ్ నింపి మూల కొంచెం కత్తిరించండి. గోరింటాకు కోన్ పట్టిన పిల్లలకు ఇది వెంటనే వస్తుంది. ముందు టూత్‌పిక్‌తో లేతగా గీసుకోవాలి. ఇంగ్లిష్ టీచర్నే అయినా నేను గీయకుండా మొదలుపెట్టి 'హ్యాపీ క్రిస్' దగ్గరే చోటు అయిపోగొట్టుకున్నాను. క్రిస్మస్ స్పెల్లింగ్‌లో పలకని 'టి' అక్షరం ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో రాసే ముందే పిల్లల్ని అడగండి.

పోయినేడాది సంగతి ఒకటి చెప్పాలి. మూడో తరగతి చదివే మా పాప ఒక్కతే పూత రాసి, నక్షత్రం వేసింది. ఒక కొన వంకరగా వచ్చింది. తను స్నానానికి వెళ్లినప్పుడు నేను ఆ నక్షత్రాన్ని గీకేసి నీటుగా మళ్లీ వేశాను. చర్చిలో పాస్టర్ గారు "కేక్ ఎవరు చేశారమ్మా?" అని అడిగారు. మా అక్క పాపను ముందుకు తోసింది. తను కదల్లేదు. "నేను కాదు, పిన్ని చేసింది" అంది. ఆ మాటలో కోపం కూడా లేదు. ఇంటికొచ్చాక సారీ చెప్పాను. ఈసారి కత్తి ముట్టుకోనని మాటిచ్చాను కూడా.

తీసుకెళ్లేటప్పుడు కేక్‌ను ఒళ్లో పెట్టుకోకండి, ఒక పక్కకు వాలిపోతుంది. కాళ్ల దగ్గర చదునుగా పెట్టండి. గుడ్డు, జీడిపప్పు లాంటివి వేసి ఉంటే చిన్న చీటీ మీద రాసి పక్కన ఉంచండి, తిననివాళ్లు ఉంటారు. టూత్‌పిక్‌లు ఎన్ని వాడారో అన్నీ తీసేశారా లెక్క చూసుకోండి. అరకిలో కేక్ పదహారు చిన్న ముక్కలకు మించి రాదు. ఎక్కువమంది వచ్చేట్టయితే పిల్లలు చేసిన కేక్‌ను ముందు పెట్టి, వెనక ఒక ప్లెయిన్ ట్రే కేక్ కోసి ఉంచుకోండి.