అసాధారణ శాసనములు – పౌరస్వాతంత్ర్యము

రాజ్యమునకు గల ధర్మములలో ప్రజల ప్రాణములను కాపాడుట మొదటిది. సంతలోనో, రైలుబండిలోనో, ప్రార్థనాస్థలమందో బాంబు పెట్టి ఏమియు నెఱుగని జనులను చంపువారిని పట్టి శిక్షింపలేని ప్రభుత్వమును ఎవరును గౌరవింపరు. హైదరాబాదు నగరమున 2007వ సంవత్సరము ఆగష్టు 25వ తేదీని లుంబినీ పార్కులోను, గోకుల్ చాట్ అంగడివద్దను ప్రేలిన బాంబులకు నలుబదిమందికి పైగా బలియైరి. ఇట్టి దుష్కార్యములను అణచుటకు ప్రభుత్వమునకు తగిన బలము ఉండవలెననుటలో వివాదము లేదు. అయితే ఆ బలము ఎంత? ఎన్నాళ్లు? ఎవరి విచారణకు లోబడి యుండవలెను? ఈ మూడు ప్రశ్నలను మన దేశచరిత్ర ననుసరించి పరిశీలింపవలెనని మేము తలంచితిమి.

మొదట సాధారణ న్యాయము ఎట్టిదో తెలిసికొనవలెను. మన రాజ్యాంగము 22వ అధికరణము ప్రకారము పట్టుబడిన వానికి కారణము తెలుపవలెను. తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకొననీయవలెను. 24 గంటలలోగా మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. పోలీసువారి యెదుట చేసిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదు. 60 లేక 90 దినములలో అభియోగపత్రము దాఖలు కానిచో నిందితుడు జామీను పొందుటకు హక్కుగలవాడగును. ఇవి నేరస్థులయెడ దయచేత ఏర్పడిన నియమములు కావు. పట్టుబడిన క్షణమున దోషియు నిర్దోషియు ఒక్కతీరుననే కనబడుదురు. వారిని వేఱుపఱచుటకే ఈ నియమము లేర్పడినవి.

ఈ నియమములను తొలగించిన శాసనములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది 1919వ సంవత్సరపు రౌలటు చట్టము. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లప్రభుత్వము 1915లో భారతరక్షణ చట్టము చేసి విశేషాధికారములు పొందెను. యుద్ధము ముగియవచ్చినప్పుడు ఆ యధికారములను వదలుకొనుటకు దానికి మనసొప్పలేదు. జస్టిస్ రౌలటు అధ్యక్షతన గల సంఘము విప్లవకారుల కుట్రలను విచారించి 1918లో నివేదిక సమర్పింపగా, మఱుసటి యేట ఆ చట్టము పుట్టెను. ముగ్గురు న్యాయమూర్తులు జ్యూరీ లేకయే విచారింతురు. వారి తీర్పుపై అప్పీలు లేదు. అనుమానముపైననే మనుష్యుని నిర్బంధింపవచ్చును. శాసనసభలోని భారతీయ సభ్యులు దానిని ప్రతిఘటించిరి. మాలవ్యా పండితుడు, జిన్నా మొదలగువారు సభ్యత్వమును వదలుకొనిరి. అసమ్మతి దేశమంతటను వ్యాపించెను. ఏప్రిలు 13వ తేదీని అమృతసరమందలి జలియన్‌వాలా బాగులో సైనికుల కాల్పులకు మరణించినవారు ప్రభుత్వపు లెక్కచొప్పుననే 379 మంది. చట్టము 1922లో రద్దయ్యెను.

అది పరాయి ప్రభుత్వము గదా, స్వరాజ్యమందు అట్లు జరుగునా యని చదువరులు అడుగవచ్చును. విచారణ లేని నిర్బంధమునకు స్వతంత్ర భారత రాజ్యాంగమే కొన్ని నిబంధనలతో చోటిచ్చెను. 1950లో నివారక నిర్బంధ చట్టమును ఒక్క సంవత్సరమునకని చేసిరి. మరల మరల పొడిగింపబడి అది 1969 వఱకు నిలిచెను. 1971లో ఆంతరంగిక భద్రతా చట్టము వచ్చెను. అత్యవసర పరిస్థితి కాలమున వేలకొలది రాజకీయవాదులు ఆ చట్టముక్రింద చెఱసాలల పాలైరి. నిర్బంధితుడు తన స్వేచ్ఛకై న్యాయస్థానమున కెక్క వీలులేదని 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, అయిదుగురు న్యాయమూర్తులలో హెచ్. ఆర్. ఖన్నా యొక్కరే విభేదించిరి. ఆ తీర్పు తప్పని అదే న్యాయస్థానము 2017లో ప్రకటించెను. నడుమ నలుబదియొక్క సంవత్సరములు గడచెను.

పిమ్మట ఉగ్రవాదము పేరనే ప్రత్యేక చట్టములు రాసాగెను. 1985లో ఢిల్లీ మొదలగు చోట్ల బాంబులు ప్రేలిన తరువాత టాడా చట్టమును రెండు సంవత్సరములకని చేసిరి. అది పదియేండ్లు, అనగా 1995 వఱకు జీవించెను. పోలీసు సూపరింటెండెంటు నెదుట చేసిన నేరాంగీకారము 1987 నాటి చట్టముచే సాక్ష్యముగా చెల్లజొచ్చెను. డెబ్బదివేలమందికి పైగా పట్టుబడిరి. శిక్షపడినవారు మిక్కిలి కొలదిమంది. పంజాబు కొఱకని తలచిన చట్టముక్రింద, ఉగ్రవాదము అంతగా లేని గుజరాతులో సయితము వేలకొలది జనులు నిర్బంధింపబడిరి. 1995లో జాతీయ మానవహక్కుల సంఘాధ్యక్షులు రంగనాథ మిశ్రా దీనిని పొడిగింపవలదని పార్లమెంటు సభ్యులకు లేఖలు వ్రాసిరి.

అమెరికాలో 2001 సెప్టెంబరు 11న జరిగిన దాడుల తరువాత మనదేశమున పోటా అను ఆర్డినెన్సు వచ్చెను. డిసెంబరులో పార్లమెంటు భవనముపై దాడి జరిగెను. 2002లో ఉభయసభల సంయుక్త సమావేశమున ఆర్డినెన్సు చట్టమై, మూడేండ్ల గడువు పొందెను. 2004లో దానిని రద్దుచేసిరి. జనులు సంతోషించిరి. కాని అదే సంవత్సరము అందలి ముఖ్యభాగములు అనేకములు 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపముల నిరోధక చట్టములోనికి చేర్చబడెను. నేరాంగీకారపు నియమము మాత్రము చేరలేదు. ఈ చట్టమునకు గడువు లేదు. టాడాకును పోటాకును ఉన్న కాలపరిమితి అను కంచె ఇట్లు తొలగిపోయెను.

2008లో ముంబయిపై దాడి జరిగిన పిదప ఆ చట్టము మఱింత కఠినమయ్యెను. న్యాయస్థానపు అనుమతితో అభియోగపత్రమునకు 180 దినముల గడువు దొరకెను. ఆరోపణ పైకి నిజమని తోచినచో జామీను ఇయ్యరాదని నియమమేర్పడెను. 2019లో, సంఘములనే గాక వ్యక్తులను సయితము తీర్పునకు ముందే ఉగ్రవాదులని ప్రకటించు నధికారము కేంద్రప్రభుత్వమునకు లభించెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఉగ్రవాదచర్య సాధారణ నేరముల నడుమనే చోటు చేసికొన్నది. నూఱేండ్ల క్రిందట అసాధారణమనిపించినది నేడు సాధారణ శాసనములో చేరిపోయెను.

ఈ చట్టములను సమర్థించువారి వాదమునందును బలము కలదు. ఉగ్రవాదులు రహస్యముగా, దేశదేశాంతరములనుండి పనిచేయుదురు; సాక్షులు భయపడుదురు; నేరము జరిగిన తరువాత పట్టుకొనుటవలన పోయిన ప్రాణములు తిరిగి రావు. ఇవన్నియు సత్యములే. అయినను 2007లో మక్కా మసీదు ప్రేలుడు తరువాత హైదరాబాదులో పట్టుబడిన యువకులలో కొందఱు తుదకు నిర్దోషులై వెలువడిరి. నిర్దోషిని చెఱలో నుంచినంతకాలము నిజమైన దోషి బయట తిరుగుచుండుననుటయు సత్యమే. విచారణ జాగైనప్పుడు ఎంతటి కఠిన నియమమున్నను ఉన్నత న్యాయస్థానములు జామీను ఇయ్యవచ్చునని 2021లో సుప్రీంకోర్టు చెప్పెను. ఆ కేసులోని నిందితుడు అప్పటికి అయిదేండ్లకు పైగా చెఱయందుండెను.

కావున మేము చెప్పునది ఇంతే. ఇట్టి శాసనము వచ్చినప్పుడెల్ల మొదట అడిగిన ప్రశ్నలనే మరల అడుగవలెను. నేరముయొక్క నిర్వచనము హద్దుగలదా, లేక ఏ పనినైనను ఇముడ్చుకొనునా? గడువు కలదా, ఆ గడువున పార్లమెంటు దానిని నిజముగా పునర్విచారించునా? నిర్బంధితుని మాట స్వతంత్రుడగు న్యాయాధిపతి త్వరగా వినునా? భయము హెచ్చుగానున్న దినములలో ఈ ప్రశ్నలు అడుగుట కష్టము; అయినను శాసనములు పుట్టునది ఆ దినములలోనే. రేపు ఓటు వేయవలసిన విద్యార్థులు ఇప్పుడే వీనిని అభ్యసింతురుగాక.