ఇంటర్ మానేసి నాట్యంలోకి వెళ్లిపోనా?

సమస్య

నాకు పదహారేళ్లు. ఏడో ఏట నుంచి మా ఊళ్లో కూచిపూడి నేర్చుకుంటున్నాను. దశావతార శబ్దం, మండూక శబ్దం, తరంగం వచ్చు. మొన్న వేసవిలో భామాకలాపం మొదలుపెట్టాం. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని నాన్న నన్ను విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించారు. హాస్టల్లో ఉంటున్నాను. పొద్దున ఆరింటికల్లా స్టడీ అవర్, రాత్రి పదింటికి గానీ వదలరు. ఆదివారం వీక్లీ టెస్టు. సాధన అన్న మాటే లేదు. రాత్రిళ్లు బట్టలారేసే వరండాలో కాలు నేలకు తగలకుండా అడుగులు వేసుకుంటాను. చప్పుడైతే వార్డెన్ వచ్చేస్తుంది.

దసరా సెలవులకు ఇంటికెళ్లి మాస్టారి దగ్గర తరంగం చేస్తే పళ్లెం మీద నిలబడలేకపోయాను. జతి మొదలవగానే అంచు కాలి కిందినుంచి జారిపోయింది. మాస్టారు ఏమీ అనలేదు గానీ నాకు ఏడుపొచ్చింది. ఆయన హైదరాబాద్‌కు మకాం మారుస్తున్నారు. "ఇంటర్ ఆపేసి రెండేళ్లు మా ఇంట్లోనే ఉండు. పూర్తిగా సాధన చేయిస్తాను, రంగప్రవేశం చేయిస్తాను. ఈ వయసు దాటితే ఒళ్లు బిగుసుకుపోతుంది" అంటున్నారు. అమ్మకు పంపాలనే ఉంది. నాన్న ఆర్టీసీలో కండక్టర్. "డాన్సు కూడు పెడుతుందా?" అని ఒకటే మాట. రష్యాలో పదేళ్ల పిల్లలే ఇల్లు వదిలి బ్యాలే స్కూళ్లలో చేరిపోతారని యూట్యూబ్‌లో చూశాను. నాకు ఇప్పటికే ఆలస్యమైపోయిందేమోనని భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?

- పేరు రాయొద్దు, గుంటూరు జిల్లా

సలహా

ఇంటర్ మానకమ్మా. ఆ కాలేజీ మానెయ్.

ఈ రెండూ ఒకటే అనుకోబట్టే మీ ఇంట్లో అమ్మ ఒక వైపు, నాన్న ఒక వైపు అయిపోయారు. నీ ఉత్తరంలో చదువు మీద విసుగు ఎక్కడా లేదు. సాధనకు గంట కూడా దొరకడం లేదన్నదే నీ బాధ. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా పిల్లను కూర్చోబెట్టే చోట నాట్యమే కాదు, నిద్ర కూడా సరిగ్గా ఉండదు. దానికి విరుగుడు చదువు ఆపడం కాదు.

ముందు ఆ బ్యాలే సంగతి. పదేళ్లకు చేరతారన్నది నిజమే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని వాగనోవా అకాడమీలో ఆ వయసుకే తీసుకుంటారు. కానీ వీడియోలో చూపించనిది ఒకటుంది. ఆ పిల్లలు లెక్కలు, చరిత్ర, భాషలు అక్కడే చదువుకుంటారు. బడి మానేసి వెళ్లడం కాదది, బడి కూడా ఉన్న నాట్యశాలకు వెళ్లడం. వాళ్ల తొందరకు కారణం కూడా ఉంది. కాలి వేళ్ల కొసల మీద నిలబడే ఆ నాట్యానికి ఒళ్లు చిన్నప్పుడే వంగాలి, పైగా ఆ వృత్తి త్వరగా ముగుస్తుంది. పారిస్ ఒపేరాలో బ్యాలే కళాకారులకు 42 ఏళ్లకే రిటైర్మెంట్.

మనది అలాంటిది కాదు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు వయసు మళ్లాక కూడా సత్యభామగా జడ వేసుకుని వచ్చి నిలబడితే, ఎదురుగా ఉన్నది మగవాడనీ పెద్దాయననీ చూసేవాళ్లు మరిచిపోయేవారు. అభినయం వయసుతో పాటు చిక్కబడుతుంది. పద్దెనిమిదేళ్లకు పూర్తి సాధనలోకి దిగిన కూచిపూడి అమ్మాయి వెనకబడినట్టు కాదు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు రెండేళ్ల పాటు నెలకు ఐదు వేల రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. దానికి వయసు 18 నుంచి 25. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి. అంటే పూర్తికాల శిక్షణ మొదలయ్యే వయసు అదేనని సర్కారు వారి లెక్క కూడా!

ఇక అసలు చిక్కు. ఇంటర్ మానేస్తే నీకు మూసుకుపోయేవి ఇంజనీరింగ్ తలుపులు కాదు, నాట్యం తలుపులే. రేపు భరతనాట్యం వైపు మనసు పోయి చెన్నై కళాక్షేత్రలో నాలుగేళ్ల డిప్లొమాకు వెళ్దామన్నా ప్లస్ టూ పాసై ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడిలో పీజీ (ఎంపీఏ) చెయ్యాలంటే చేతిలో డిగ్రీ ఉండాలి. డిగ్రీకి ఇంటర్ కావాలి. కాలేజీల్లో డాన్సు లెక్చరర్ ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి, అవీ ఈ మెట్లెక్కిన వాళ్లకే. ప్రదర్శనల మీద వచ్చే డబ్బు చాలాసార్లు నట్టువాంగానికీ పాటకీ మృదంగానికీ ఇచ్చేసరికి సరిపోతుంది. నాట్యం మీద బతికే వాళ్లలో ఎక్కువమంది పాఠం చెప్పుకునే బతుకుతున్నారు. మీ నాన్నగారి ప్రశ్న మోటుగా ఉన్నా తప్పుడు ప్రశ్న కాదు.

మీ మాస్టారి మాటకు వద్దాం. ఆయనకు నీ మీద ప్రేమ ఉంది, సందేహం లేదు. కానీ ఒళ్లు బిగుసుకుపోయేది వయసు వల్ల కాదు, సాధన లేక. దసరాకు నీ కాలు పళ్లెం మీద నిలవకపోవడానికి కారణం ఆ నాలుగు నెలల ఖాళీయే. రోజూ గంటన్నర చేస్తే ఆ పట్టు మళ్లీ వస్తుంది. అసలు భయపడాల్సింది ఇంకోటి. ఇన్నాళ్లూ ఏమీ చేయని కాళ్లతో ఒక్కసారిగా రోజుకు ఐదారు గంటలు సిమెంటు నేల మీద అడుగులు కొడితే మోకాలి కింద ముందరి ఎముక నొప్పి పట్టుకుంటుంది. పట్టించుకోకపోతే ఎముకలో సన్నని పగులు కూడా రావచ్చు. గంటలు మెల్లగా పెంచుకో. సన్నబడాలని తిండి తగ్గించకు. నెలసరి రెండు మూడు నెలలు ఆగిందంటే అది సాధన గొప్పతనం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన సంగతి.

ఒకవేళ ఆయనింటికి వెళ్లే రోజు వస్తే, అమ్మానాన్నలిద్దరూ ముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి. రెండేళ్లలో ఏ ఏ అంశాలు చెబుతారు? రోజుకు ఎన్ని గంటలు నేర్పుతారు, ఎన్ని గంటలు నువ్వు చిన్న పిల్లలకు క్లాసులు చెప్పాలి? గురుకులం అన్న పేరు పెట్టి జీతం లేని అసిస్టెంటుగా వాడుకునే చోట్లు లేకపోలేదు. రంగప్రవేశానికి హాలు, ఆర్కెస్ట్రా, దుస్తులు, మేకప్, భోజనాలు కలిపి లక్షలు దాటిపోతుంది. ఆ ఖర్చు ఎవరిది? కండక్టర్ గారి పీఎఫ్ మీదనా? మైనారిటీ తీరని పిల్ల పరాయి ఇంట ఉంటుంది కాబట్టి అమ్మ చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూడగలగాలి, నీ ఫోను నీ దగ్గరే ఉండాలి. ఈ మాటకు మాస్టారు నొచ్చుకుంటే నొచ్చుకోనీ. 2023లో కళాక్షేత్రలోనే లైంగిక వేధింపుల మీద విద్యార్థులు ఆందోళనకు దిగాల్సి వచ్చింది. పేరూ పెద్దరికమూ చూసి అడగడం మానకూడదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. ఈ ఏడాది సగానికి వచ్చింది కాబట్టి ఫస్టియర్ పరీక్షలు రాసెయ్. ఆ తర్వాత హాస్టల్ వదిలి, సాయంత్రానికి ఇల్లు చేరేలా ఊరి దగ్గరి ప్రభుత్వ జూనియర్ కాలేజీకి మారే వీలుందేమో కనుక్కోండి. ఫీజు బాకీ పేరుతో టీసీ ఆపే కాలేజీలున్నాయి, లెక్క ముందే తేల్చుకోండి. అది కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠమైనా, కేంద్రం నడిపే ఎన్ఐఓఎస్ అయినా సరే. ఎన్ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, ఆ సర్టిఫికెట్‌తో డిగ్రీలో చేరొచ్చు. పదో తరగతికీ దానికీ మధ్య రెండేళ్లు నిండాలి గనుక త్వరగా అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు. ఇంట్లో కూర్చుని తనంతట తాను చదివే పిల్లకే అది పనికొస్తుంది. నువ్వు అలాంటిదానివేనా అన్నది నాకంటే మీ అమ్మకు బాగా తెలుస్తుంది.

వేసవి సెలవుల్లో నెలన్నర మాస్టారి దగ్గరికి వెళ్లి, వాళ్లింట్లో కాకుండా బంధువుల ఇంట్లోనో లేడీస్ హాస్టల్లోనో దిగి, పూర్తిరోజు సాధన చేసి చూడు. తెల్లవారుజామున లేచి, చేసిన అడుగే మళ్లీ మళ్లీ చేసి, స్టేజీ లేదు, చప్పట్లు లేవు, ఒళ్లంతా పచ్చి పుండు. అయినా మర్నాడు వెళ్లాలనిపిస్తోందా? ఈ మధ్యలో, నీతో ఏ మొహమాటమూ లేని ఇంకో గురువు ముందు ఒక శబ్దం, ఒక పదం చేసి చూపించు. సొంత గురువు పొగిడితే సంతోషపడాలి గానీ దాని మీద జీవితం నిర్ణయించుకోకూడదు. ఆ గురువు కూడా నీలో పస ఉందంటే, ఇంటర్ పాసైన మర్నాడే వెళ్లు. అప్పటికి నీకు పద్దెనిమిది వస్తుంది, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు. డిగ్రీ దూరవిద్యలో కట్టు.

ఈ ఉత్తరం నాన్నగారికి చూపించు. అయ్యా, మీకు నాదొక విన్నపం. అమ్మాయి చదువు మానదు, ఆ మాట ఆమె చేత నేను ఒప్పిస్తున్నాను. బదులుగా మీరు ఆ హాస్టల్ మాన్పించండి. రోజుకు గంటన్నర గజ్జె కట్టుకోనివ్వండి. ఇంటర్ అయ్యాక ఎటు వెళ్లాలో అప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.