వంతెన కింద దిగే ముందు

టైడా



రుషికొండలో స్కూబా నేర్చుకున్నావనీ, సర్టిఫికెట్ కూడా వచ్చిందనీ మీ నాన్న చెబితే చాలా సంతోషమైంది. భీమిలిలో గోస్తనీ వంతెనకు ఎగువన ఒడ్డు నుంచి దిగి, ఆటు నీటితో వంతెన కింద నుంచి సముద్రం వైపు సాగుదామని నువ్వూ నీ స్నేహితురాలూ అనుకుంటున్న సంగతి నిన్ననే తెలిసింది. ఓడల అడుగున మునిగి బతుకు వెళ్లదీసినవాణ్ణి, నిన్ను నీళ్లకు దూరం చేస్తానా? కానీ ఆ ప్లాను మాత్రం వద్దమ్మా.

ఆటు నిన్ను నేరుగా నదీముఖం దగ్గర అలలు విరిగే చోటికి తోస్తుంది. గంటకు రెండు కిలోమీటర్ల ప్రవాహం గట్టు మీద నుంచి నెమ్మదిగానే కనిపిస్తుంది. దానికి ఎదురీదబోతే సిలిండరులో గాలి హారతి కర్పూరమే. దిగితే పోటు చివర్లో, సముద్రం వైపు ఒడ్డు నుంచి దిగు. అప్పుడు నీరు నిన్ను లోపలికి తీసుకుపోతుంది, పోనుపోను బలం తగ్గుతుంది. ఎక్కడ పైకి రావాలో ముందే నడిచి చూసుకో.

ఫ్లోరిడాలో బ్లూ హెరాన్ వంతెన కింద కూడా ఒడ్డు నుంచే నడిచి దిగుతారు. లోతు ఆరేడు మీటర్లు, సముద్రపు గుర్రాలకు పేరు. అక్కడా పోటు నిండే వేళ చూసుకునే దిగుతారు; సముద్రపు తేటనీరు లోపలికి వచ్చి ఉంటుంది, ప్రవాహమూ కాసేపు ఆగుతుంది. గోస్తనిలో అంత తేటనీరు ఆశించకు.

విశాఖలో రోజుకు రెండు పోట్లు, రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో జోరు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. అయితే పోటు వేళల పట్టికలో వేసే వేళ పోర్టుది. బయట సముద్రం తీయడం మొదలయ్యాక కూడా నది లోపలికి నీరు కాసేపు పోతూనే ఉంటుంది. ఎంతసేపన్నది ఆ చోటే చెప్పాలి. అందుకని ముందు దిగకుండా ఒడ్డున కూర్చో. వంతెన స్తంభం పక్కన కొట్టుకొచ్చే ఆకుల్ని చూడు. పోటు బలంగా ఉంటే అవి స్తంభం దాటి, దాని వెనక సుడిలో పడి తిరుగుతాయి. సుడి చెదిరి, ఆకు ఎటూ కదలని నిమిషం రాసుకో. కొన్నాళ్లు రాస్తే పట్టికకూ నదికీ ఉన్న తేడా తేలుతుంది.

స్తంభాల మొదట్లో నీరు ఇసుకను తొలిచి గుంటలు చేస్తుంది. తెగిన వలలూ గాలపు దారాలూ చేరేది అక్కడే. రెండు స్తంభాల నడిమధ్య నుంచే పో, కత్తెర చేతికి అందేలా ఉంచుకో. నీటి పైన తేలే నీ బోయా తాడు నడుముకు కట్టుకోవద్దు. ఎక్కడైనా చుట్టుకుంటే వెంటనే వదిలేసేలా చేత్తోనే పట్టుకో. పైన నదినీరు తేలిక, అడుగున ఉప్పునీరు బరువు. రుషికొండలో కట్టుకున్న సీసపు బరువులే కట్టుకుంటే పైపొరలో గబుక్కున దిగిపోతావు.

ఎగువన మా అనంతగిరి కొండల మీద వాన పట్టినా, తాటిపూడి జలాశయం గేట్లు ఎత్తారని విన్నా ఆ వారం వదిలేయ్. పడవలు ఏ స్తంభాల మధ్య నుంచి వస్తాయో, వలలు ఎక్కడ కట్టారో భీమిలి జాలర్లను అడుగు. వాళ్లు వద్దంటే వచ్చేయ్. నేర్పిన మాస్టారు తోడు లేకుండా అసలు దిగొద్దు.

రాసుకున్న వేళలు ఫోన్‌లో పంపు, పట్టికతో నేనూ సరిచూస్తాను.

మీ పెదనాన్న