మూడో మనిషి లేకుండా

శంకర్‌పల్లి

బిడ్డా,

జనం ఇంట్లోనే కూర్చుని బ్యాంకు ఖాతా తెరుచుకునే సైటు పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అంత బాధ్యత అప్పజెప్పారంటే నీ మీద వాళ్లకు నమ్మకం కుదిరినట్టే. చాలా సంతోషమైంది. పని మొదలుకాకముందే ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం. దివ్యాంగులకు అనువుగా చేసే పనిని మామూలుగా చివరి వారానికి తోసేస్తారు, ఆ చివరి వారంలో దానికి టైం దొరకదు. నువ్వు మాత్రం మొదటి రోజే పట్టుకో.

ఎందుకో చెప్తా. నాలాంటి చూపు లేనివాడు సైటు వాడలేకపోతే ఎవరో ఒకరు సాయం చేస్తారులే అనుకుంటారు. చేస్తారు, నిజమే. పింఛను కాగితమైనా, వైకల్య ధ్రువపత్రం స్లాటైనా, బ్యాంకు పనైనా మన ఊళ్లో నెట్ సెంటర్‌కు పోయి కూర్చుంటే అక్కడి పిల్లగాడు ఫారం నింపిపెడతాడు. కానీ అక్కడ ఏం జరుగుతుందో ఆలోచించు. ఆధార్ నంబరు పైకి చెప్పాలి. ఓటీపీ వస్తే చదవమని ఫోనే అతని చేతిలో పెట్టాలి. పాస్‌వర్డ్ కూడా అతనే పెడతాడు. ఖాతాలో ఎంత ఉందో చూస్తాడు. వెనకాల తమ వంతు కోసం నిలబడ్డవాళ్లు అన్నీ వింటుంటారు. ఆ పిల్లగాడు బంగారంలాంటివాడే కావచ్చు. అయినా చూపున్నవాళ్లు సొంత అన్నదమ్ములకు కూడా చెప్పని సంగతులు మేం బజార్లో చెప్పుకోవాల్సి వస్తుంది. సరిగ్గా కట్టని సైటు మా గుట్టంతా పట్టుకుపోతుంది, బిడ్డా.

ఓటు దగ్గర ఈ సంగతిని ముందే గుర్తించారు. చూపు లేని ఓటరు తోడుగా ఒకరిని తీసుకుపోవచ్చని ఎన్నికల నియమాలు చెప్తాయి, ఆ తోడు వచ్చినవారు ఓటు రహస్యం బయటపెట్టమని రాసివ్వాలి. ఎంత రాసిచ్చినా ఆ ఓటు ఇంకొకరికి తెలిసిపోయినట్టే కదా. అందుకే ఈవీఎం మీద మీటల పక్కన బ్రెయిలీ అంకెలు వచ్చాయి. వాటిని 2004లో పరీక్షించి చూసింది మన హైదరాబాద్‌లోనే, ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉప ఎన్నికలో. 2009 లోక్‌సభ ఎన్నికల్లోనూ వాడారు. వేలికి తగిలే ఆ చుక్కలతో, బ్రెయిలీ చదవగలిగినవాళ్లకు మూడో మనిషి అవసరం తీరిపోయింది. నీ ఫారం కూడా ఆ పని చెయ్యాలని నా కోరిక.

తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏను నేను వాడతానని నీకు తెలుసు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో దాన్ని మొదలుపెట్టాడు, తర్వాత అతని స్నేహితుడు జేమ్స్ టే కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. అప్పట్లో స్క్రీన్ రీడర్లు మామూలువాళ్లు కొనలేని ధర ఉండేవి కాబట్టి తమది ఉచితంగా ఇచ్చారు. ఇది నువ్వు కోడ్‌లో రాసిందాన్ని బట్టే మాట్లాడుతుంది. పెట్టె పక్కన ‘మీ పేరు’ అని నీ కంటికి కనబడుతున్నా, ఆ లేబుల్‌ను కోడ్‌లో ఆ పెట్టెకు ముడివెయ్యకపోతే నాకు వినిపించేది ‘ఎడిట్, బ్లాంక్’ అని. ట్యాబ్ నొక్కి కిందికి పోతే మళ్లీ ‘ఎడిట్, బ్లాంక్’. వీటిలో ఏది పిన్‌కోడో, ఏది ఇంటిపేరో ఎట్లా తెలియాలి? పెట్టె లోపల లేత రంగులో సూచన రాసి సరిపెట్టకు. టైప్ చెయ్యడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది, మధ్యలో మరిచిపోయేవాళ్లకూ తిప్పలే. తప్పు పడితే పెట్టె చుట్టూ ఎర్రగీత గీసి ఊరుకోవద్దు. ఏది తప్పో, ఎట్లా సరిదిద్దాలో మాటల్లో రాసి, కర్సర్‌ను అక్కడికే తీసుకుపో. క్యాప్చా బొమ్మ ఒక్కటే పెడితే నా ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. సైట్ల అందుబాటు గురించి ఇంగ్లీష్‌లో రాసినవాళ్లు ఇది నీకు చెప్పకపోవచ్చు. తెలుగు పేజీకి భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించాలి. అది లేకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీష్ గొంతుతోనే మొదలుపెట్టి, తెలుగు మాటలను వదిలేయొచ్చు లేదా చిందరవందరగా పలకొచ్చు. ఒకే పేజీలో రెండు భాషలుంటే ఏ ముక్క ఏ భాషో విడిగా చెప్పాలి. పీడీఎఫ్‌ల సంగతి మరీ అన్యాయం. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టిన తెలుగు కంటికి ముత్యాల్లా కనబడుతుంది గానీ, లోపల ఉన్నవి యూనికోడ్ తెలుగు అక్షరాలు కావు. ఎన్‌వీడీఏ ఏవేవో గుర్తులు, ఇంగ్లీష్ అక్షరాలు గడగడ చదివిపోతుంది. కాగితాన్ని స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ అయితే అసలు నోరే విప్పదు. బ్యాంకు షరతుల పత్రం ఇట్లాంటి ఫైలుగా వస్తే తీసుకోకు. యూనికోడ్‌లో మళ్లీ కొట్టించమని గట్టిగా అడుగు. సంతకం పెట్టేవాడు ఏ కాగితం మీద పెడుతున్నాడో చదువుకోగలగాలి. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి, ఇంగ్లీష్ కొలతల్లో ఇరికిస్తే చూపు తగ్గినవాళ్లకు అన్నీ ఒక మచ్చలా కనబడతాయి. అక్షరం పెద్దదిగా, వరసల మధ్య జాగా ఎక్కువగా ఉంచు. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్‌సైట్ల అందుబాటు ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీ చెప్తాయి.

చూపు గురించే ఎక్కువ రాస్తున్నా, నాకు తెలిసింది అదే కాబట్టి. చెవులు వినపడనివాళ్లకు వీడియో కింద తెలుగు అక్షరాలు కావాలి, ఫోన్ చేస్తేనే ధ్రువీకరిస్తామంటే వాళ్ల పని ఆగిపోతుంది. చేతులు వణికేవాళ్లకు మీటలు పెద్దవిగా, దూరదూరంగా ఉండాలి.

ఇంత ఖర్చెందుకని మీ పైవాళ్లు అంటే సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన తీర్పు చూపించు. ప్రజ్ఞా ప్రసూన్ యాసిడ్ దాడి నుంచి బతికి బయటపడిన మనిషి. ఫోన్ ముందు కళ్లు ఆర్పితేనే మనిషి ఉన్నట్టు నమ్ముతామంది బ్యాంకు కేవైసీ. కాలిన ముఖంతో ఆమె కళ్లు ఎట్లా ఆర్పుతుంది? ఆమె పిటిషన్‌తో పాటు చూపు లేని అమర్ జైన్ వేసిన పిటిషన్‌ను కూడా కలిపి విని, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది. కేవైసీని అందరికీ అనువుగా మార్చమని 20 ఆదేశాలిచ్చింది. నువ్వు చేస్తున్నది సరిగ్గా ఆ పనే. అంతకుముందు 2024 నవంబర్‌లో రాజీవ్ రాతూరి కేసులో, అందుబాటు నియమాలు సలహాల్లా ఉంటే చాలవని, తప్పక పాటించాల్సినవిగా చెయ్యాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక రాసిచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్లు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎట్లాగూ ఉంది.

ఒక లైను కోడ్ అతికిస్తే సైటు అందరికీ అందుతుందని, మూలన ఒక మనిషి బొమ్మ మీట పెట్టి అమ్మేవాళ్లుంటారు. నమ్మకు. లేబుల్ లేని పెట్టె అది వచ్చాక కూడా లేబుల్ లేకుండానే ఉండొచ్చు, పైగా అది నా స్క్రీన్ రీడర్‌కు అడ్డం పడుతుంది. చెయ్యలేనిది చేస్తామని చెప్పుకున్నందుకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో అలాంటి ఒక కంపెనీ చేత 10 లక్షల డాలర్లు కట్టించింది.

దానికి బదులు ఇట్లా చెయ్యి. మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతో నీ ఫారం మొదటినుంచి చివరిదాకా నింపు. తర్వాత ఎన్‌వీడీఏ వేసుకుని, తెర ఆపేసి మళ్లీ నింపు. అప్పటికీ నువ్వు చూపున్నదానివే, పేజీ ఎట్లుందో నీకు గుర్తుంటుంది. కాబట్టి రోజూ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లను పిలిచి, వాళ్లు నింపుతుంటే పక్కన నోరు మెదపకుండా కూర్చో. ఎక్కడ ఆగారో రాసుకో. వాళ్లకు డబ్బులిప్పించు, అది మీ టెస్టర్లు చేసే పనిలాంటి పనే. బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పునరావాస కేంద్రం ఉంది. వాళ్లను అడిగితే మనుషులు దొరుకుతారు.

డిజైన్ బొమ్మలు ఖాయం కాకముందే నాకొక ఉత్త ఫారం లింకు పంపు, రంగులూ హంగులూ లేకపోయినా ఫరవాలేదు. ఆదివారం తీరికగా నింపి, ఎక్కడ ఏం వినిపించిందో రికార్డు చేసి పంపిస్తా. మీ మేనేజర్‌కు కూడా వినిపించు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మామ