పసికందుకు ఇంజక్షన్ ఇచ్చే ముందు



నవజాత శిశువుల వార్డులో వాడే ఇంజక్షన్లు చాలావరకు పెద్దవాళ్ల మోతాదుకు తయారైనవే. జెంటామైసిన్ వయల్ 2 మి.లీ.లో 80 మి.గ్రా. మందు ఉంటుంది. కిలో బరువున్న బిడ్డకు కావలసింది సుమారు 4 మి.గ్రా., అంటే 0.1 మి.లీ. పొరపాటున 1 మి.లీ. తీస్తే 40 మి.గ్రా. వెళ్లిపోతుంది, వయల్‌లో ఇంకా సగం మందు మిగిలే ఉంటుంది. పెద్దవాళ్ల వార్డులో పదింతల మోతాదు ఇవ్వాలంటే ఎన్నో వయళ్లు విప్పాలి, విప్పుతుండగానే తప్పు తెలిసిపోతుంది. పసిబిడ్డ దగ్గర ఆ హెచ్చరిక ఉండదు.

అందుకే పలుచన చేస్తారు. 1 మి.లీ. మందుకు 9 మి.లీ. నార్మల్ సెలైన్ కలిపితే మి.లీ.కి 4 మి.గ్రా. అవుతుంది, కొలవడం తేలిక. పిల్లల కోసం మి.లీ.కి 10 మి.గ్రా. ఉండే వయళ్లూ దొరుకుతాయి కాబట్టి లేబుల్ చదవకుండా ఏ లెక్కా మొదలుపెట్టకూడదు. 0.1 మి.లీ. మందు తీసిన సిరంజిలోకే సెలైన్ లాగితే, సూది మొదట్లో నిలిచిన మందు కూడా లోపలికి వస్తుంది. ఇంత చిన్న మోతాదులో ఆ బొట్టే మోతాదును రెట్టింపుకు దగ్గర చేయగలదు. కలిపిన సిరంజి మీద మందు పేరు, మి.లీ.కి ఎంత, బిడ్డ గుర్తింపు, సమయం రాయాలి. పేరు రాయని సిరంజిలో ఏముందో గుర్తున్నా సరే, పారేయవలసిందే.

2006లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఒక ఆసుపత్రిలో హెపారిన్ మి.లీ.కి 10 యూనిట్ల వయళ్లు ఉండవలసిన అరలో 10,000 యూనిట్లవి చేరాయి. ఆ మందు ఎక్కించిన నెలలు నిండని బిడ్డల్లో ముగ్గురు చనిపోయారు. ఆ అర ఎప్పుడూ సరిగానే ఉంటుందన్న నమ్మకం అక్కడ చదవవలసిన లేబుల్‌ను దాటేసింది.

మందుతో పాటు వెళ్లేదీ మందే. ప్రిజర్వేటివ్‌గా బెంజైల్ ఆల్కహాల్ కలిసిన ఫ్లష్ ద్రావణాల వల్ల శిశువులు ఊపిరాడక మరణించినట్టు 1982లో బయటపడింది. ప్రిజర్వేటివ్ ఉన్న నీరు, సెలైన్ ఈ వార్డులోకి రాకూడదు. కాల్షియం ఉన్న ద్రావణాలు ఎక్కుతున్న నవజాత శిశువుకు సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వకూడదు. రెండూ కలిసి ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో గట్టిపడతాయి. కాల్షియం గ్లూకోనేట్‌ను పలుచన చేసి, గుండె వేగం మానిటర్‌లో చూస్తూ నెమ్మదిగా ఇవ్వాలి. అది నరం దాటి బయటికి వస్తే చర్మం కుళ్లిపోతుంది, కాబట్టి కాన్యులా చోటు కట్టు కింద కనబడకుండా పోకూడదు.

రెండో సిస్టర్ లెక్క చూడడమంటే మొదటి సిస్టర్ జవాబుకు తలూపడం కాదు. డాక్టర్ రాసిన ఆర్డరు, ఆ రోజు లెక్కకు తీసుకున్న బరువు, వయల్ లేబుల్ చూసి తానుగా మళ్లీ వేయాలి. ఇద్దరి మి.లీ.లు కలవకపోతే ఇంజక్షన్ ఆగాలి. రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉంటే పక్క వార్డు నుంచి పిలవాలి, అవసరమైతే డాక్టర్‌ను నిద్ర లేపాలి. అలా లేపడానికి కొత్తవాళ్లు ఎవ్వరూ మొహమాటపడవద్దు.