ముట్లుడిగే వయసులో మన కళ్ళు



"కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది సిస్టరమ్మా. గాలి తగిలితే నీళ్ళు కారుతున్నాయి. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను." జూపాడు బంగ్లా చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చే 45, 50 ఏళ్ళ తల్లులు మాతో తరచుగా చెప్పే మాట ఇది. "నెలసరి సరిగా వస్తోందా?" అని మేము అడిగితే, "కంటికీ దానికీ ఏం సంబంధం?" అని నవ్వుతారు. సంబంధం ఉన్నది. ఈ పాఠంలో దానిని తెలుసుకుందాము. వయసుతో వచ్చే ఇబ్బంది ఏది, చూపును పోగొట్టే జబ్బు ఏది అనే తేడాను కూడా నేర్చుకుందాము.

ముట్లుడగడం అంటే ఏమిటి?

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్లు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకు జరుగుతుంది. ఆపరేషనులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే ఏ వయసులోనైనా వెంటనే ఈ స్థితి వస్తుంది. అండాశయాలు ఉంచినా కొందరికి కాస్త ముందుగా వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలోకెల్లా మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువని తేలింది. నూటికి దాదాపు 9 మంది! కాబట్టి 35, 40 ఏళ్ళకే ఆపరేషను అయిన చెల్లెళ్ళు కూడా ఈ పాఠం తమకేనని గమనించాలి.

కళ్ళు ఎందుకు పొడిబారుతాయి?

మన కన్నీటి పొరలో మూడు భాగాలు ఉంటాయి. లోపల కంటిని అంటిపెట్టుకునే జిగురు, మధ్యలో నీరు, పైన పలుచని నూనె. రెప్పల అంచున ఉండే చిన్న చిన్న గ్రంథులు ఆ నూనెను ఇస్తాయి. కూర గిన్నె మీద మూత ఎలాగో, కన్నీటికి ఈ నూనె అలాగ. ముట్లుడిగే వయసులో హార్మోనులు తగ్గినప్పుడు ఈ గ్రంథుల పని మందగిస్తుంది. మూత పోయిన నీరు త్వరగా ఆరిపోతుంది. మంట, గరగర, ఎరుపు, సాయంత్రానికి బరువు, కాసేపు మసక, రెప్ప ఆర్పగానే మళ్ళీ స్పష్టం - ఇవి దాని గుర్తులు.

"కన్నీళ్ళు కారుతుంటే పొడిబారింది అంటారేమిటి?" అని చాలామంది అడుగుతారు. కన్ను ఎండి మండినప్పుడు శరీరం ఒక్కసారిగా నీరు వదులుతుంది. అందులో నూనె, జిగురు సరిపడా ఉండవు గనుక అది కంట్లో నిలవకుండా చెంప మీదికి జారిపోతుంది. డాక్టరుగారు కింది రెప్పలో సన్నని కాగితం పట్టీ 5 నిమిషాలు ఉంచి, ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు. 10 కంటే తక్కువైతే కన్నీరు చాలడం లేదని అనుమానిస్తారు.

మన నంద్యాల ప్రాంతపు ఎండలు, వడగాలి, మిరప కోతల ఘాటు, వడ్ల దుమ్ము, కట్టెల పొయ్యి పొగ ఈ బాధను పెంచుతాయి. జలుబు, దురదలకు వాడే కొన్ని మాత్రలు కూడా కళ్ళను ఎండబెడతాయి. వాడే మందులన్నీ డాక్టరుగారికి చూపించండి. మీ అంతట మీరు మానకండి.

హార్మోను మాత్రలు వాడితే కళ్ళు బాగుపడతాయా? 2001లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో 25 వేలకు పైగా స్త్రీలను పరిశీలించగా, ఆ మాత్రలు వాడేవారిలోనే కళ్ళు పొడిబారడం ఎక్కువగా కనిపించింది. కనుక కంటి కోసమని వాటిని వాడరాదు.

ఇంట్లో చేయవలసినవి

1. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద 5 నుండి 10 నిమిషాలు రోజుకు రెండుసార్లు ఉంచండి. గుడ్డ చల్లారితే మళ్ళీ ముంచండి. తరువాత రెప్పల అంచులను మెల్లగా తుడవండి.
2. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలనివ్వకండి. పొలంలో కళ్ళజోడు, తలకు గుడ్డ వాడండి.
3. కుట్టుపని, చదువు, ఫోను, టీవీ దగ్గర 20 నిమిషాలకొకసారి దూరంగా చూసి, రెప్పలు నిండుగా ఆర్పండి.
4. డాక్టరుగారు రాసిన కన్నీటి చుక్కలు వాడండి.
5. ఆముదం, తేనె, ఆకు పసరు, చనుబాలు కంట్లో వేయకండి. పుండు పడితే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగులుతుంది.

ఒక తల్లి కథ

మిరప కోతలకు వెళ్ళే ఒక తల్లి కళ్ళ మంటకు మందుల షాపులో చుక్కలు కొనుక్కున్నది. వేయగానే ఎరుపు పోయింది. హాయిగా ఉందని ఏడాదికి పైగా అదే వాడింది. పక్కన నడిచేవారు కనిపించక తగులుకుంటుంటే, "వయసు మీద పడింది, ముట్లు ఆగినాయి కదా" అని ఇంటివాళ్ళూ సరిపెట్టుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి కంటి లోపలి ఒత్తిడి బాగా పెరిగి నరం దెబ్బతిన్నది. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉన్నది. ఇప్పుడు మందులతో మిగిలిన చూపును కాపాడుకుంటున్నది. పోయిన చూపు తిరిగి రాలేదు. "ముందే ఎవరైనా చెప్పి ఉంటే" అన్న ఆమె మాటే మా చేత ఈ పాఠం రాయించింది.

అన్నింటినీ ముట్ల మీదికి నెట్టవద్దు

చత్వారం: 40 దాటితే ఆడవారికైనా మగవారికైనా దగ్గరి చూపు తగ్గుతుంది. కళ్ళజోడుతో సరిపోతుంది. కళ్ళు బాగా పొడిగా ఉంటే ముందు దానికి వైద్యం చేయించుకోండి. లేకుంటే అద్దాల నంబరు సరిగా తేలదు.

శుక్లం: చూపు మెల్లగా మసకబారుతుంది. ఆపరేషను చేసి లెన్సు పెడితే చూపు వస్తుంది.

నీటికాసులు: చాలాసార్లు నొప్పి లేకుండానే పక్క చూపును తినేస్తుంది. ఇందులో హఠాత్తుగా వచ్చే రకం ఒకటి స్త్రీలకు ఎక్కువ.

షుగరు, బి.పి.: ఇవీ ఈ వయసులోనే బయటపడతాయి. షుగరు ఉన్నవారు చూపు బాగున్నా సరే, ఏడాదికొకసారి చుక్కలు వేయించుకొని కంటి వెనుక పొరను చూపించుకోవాలి.

1996 నుండి 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా ప్రజల కళ్ళను పరీక్షించింది. అంధత్వం స్త్రీలలోనూ, పేదలలోనూ, పల్లెవాసులలోనూ ఎక్కువగా ఉన్నది. అందులో సగానికి పైగా శుక్లం వల్ల, అద్దాలు లేకపోవడం వల్ల వచ్చినదే. అంటే వైద్యంతో పోయేదే!

ఆలస్యం చేయకూడని గుర్తులు

- తీవ్రమైన కంటి నొప్పి, ఎరుపు, తలనొప్పి, వాంతులు
- దీపం చుట్టూ రంగుల వలయాలు
- హఠాత్తుగా చూపు తగ్గడం లేక తెర దిగినట్లుండడం
- మెరుపులు, ఒక్కసారిగా ఎన్నో నల్లచుక్కలు
- చూపుతో పాటు మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం

వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి రండి. చేయి, మూతి పడిపోతే 108కి ఫోను చేయండి. పెద్ద వైద్యానికి కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నది.

ఇంటి పెద్దలకు ఒక్క మాట. ఇంట్లో అందరి జబ్బులూ చూసి, తన జబ్బు చివర చెప్పుకునేది తల్లి. బియ్యంలో రాళ్ళు మిగిలితే విసుక్కోకండి, ఆమె కళ్ళు చూపించండి. 40 దాటిన ప్రతి అక్క, ప్రతి అమ్మ రెండేళ్ళకొకసారైనా కంటి పరీక్ష చేయించుకోవాలి. వచ్చేటప్పుడు మీరు వాడుతున్న చుక్కల సీసాను మరచిపోకుండా తెచ్చి మాకు చూపించండి.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్, మరియు సిస్టర్లు